ట్యూటర్లకు ఐదు స్టార్లు, అడ్వైజర్‌కి రెండు

మా చెల్లి అమెరికాలో డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి) బాస్కెట్‌బాల్ ఆడుతోంది. ఆటగాళ్ల చదువు చూసుకోవడానికి వాళ్ల యూనివర్సిటీ నడిపే అకడమిక్ సపోర్ట్ సెంటర్ గురించి ఈ రివ్యూ. తను ఇంకా అక్కడే ఆడుతోంది కాబట్టి యూనివర్సిటీ పేరు రాయను.

ట్యూటర్లు మాత్రం సూపర్. ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పే అబ్బాయి, టీమ్ వేరే ఊళ్లో ఉన్నా రాత్రి వీడియో కాల్‌లోకి వచ్చి, వైట్‌బోర్డ్ మీద బాణాలు గీస్తూ ఓపిగ్గా చెబుతాడు. సెమిస్టర్ మొదట్లోనే ఏ క్లాసులు మిస్సవుతారో రాసి ప్రొఫెసర్లకు ట్రావెల్ లెటర్లు పంపేస్తారు. ఒక మిడ్‌టర్మ్ అయితే చెల్లి హోటల్ మీటింగ్ రూమ్‌లోనే రాసింది, టీమ్‌తో వెళ్లిన కోఆర్డినేటర్ తన ఫోన్ తీసేసుకుని ఎదురుగా కూర్చున్నారట, సాయంత్రం మ్యాచ్!

స్టడీ హాల్ సోసోగా ఉంది. కార్డు స్వైప్ చేస్తే చాలు, చదివిన గంటలుగా లెక్కలో పడిపోతాయి, లోపల చదివారా నిద్రపోయారా ఎవరికీ పట్టదు. నిద్రపోయినా తప్పు పట్టలేం లెండి. సీజన్‌లో ఆటకు వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు దాటకూడదని ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే సంస్థ) రూలు ఉంది కానీ, మ్యాచ్ రోజు ఎంతసేపు పట్టినా లెక్కలో 3 గంటలే, ప్రయాణాలూ ఫిజియో దగ్గర గడిపే టైమూ అసలు లెక్కలోకే రావు.

ఇక అడ్వైజర్, అంటే ఏ కోర్సులు తీసుకోవాలో సలహా చెప్పే ఆవిడ. చెల్లిది బయాలజీ. ల్యాబ్‌లన్నీ మధ్యాహ్నం, ప్రాక్టీసూ అప్పుడే. దానికి ఆవిడ చెప్పిన పరిష్కారం, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్ట్) మార్చుకోమని. ఎందుకంటే ల్యాబ్‌లు కుదరకపోతే డిగ్రీ వెనకబడుతుంది, కానీ రెండో ఏడాది అయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తవ్వాలి, లేకపోతే ఆడనివ్వరు. ఆటగాళ్లు అర్హత నిలబెట్టుకుంటూ చదువు కొనసాగిస్తున్నారా అని చూసి జట్టుకు ఏపీఆర్ అని ఒక స్కోరు కూడా ఇస్తారు, నాలుగేళ్ల సగటు 930 కంటే తగ్గితే పోస్ట్ సీజన్ (సీజన్ తర్వాత జరిగే టోర్నమెంట్లు) ఆడనివ్వరు. ఆవిడ టెన్షన్ అంతా ఆ స్కోరు గురించే. పిల్ల అర్హత పోకుండా చూడటం వాళ్లకు బాగా వచ్చు, పిల్ల ఏం చదవాలనుకుంటోందో వినడం రాదు.

చివరికి చెల్లే నేరుగా బయాలజీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి అడిగితే, ఆ ల్యాబ్ వేసవిలో కూడా ఉందని ఐదు నిమిషాల్లో తేలిపోయింది. ఆ మాట అడ్వైజర్ చెప్పి ఉండాల్సింది కదా?

మీ పిల్లలు ఇలాంటి చోట చేరబోతుంటే, విజిట్‌కి వెళ్లినప్పుడు కొత్త లాకర్ రూమ్ చూసి మురిసిపోకండి. ప్రాక్టీసు ఏ టైముకో, జట్టులో ల్యాబ్ ఉన్న కోర్సులు ఎంతమంది చదువుతున్నారో అడగండి, అదీ కోచ్‌ని కాదు, సీనియర్ ప్లేయర్లని.