థియరైజ్ దగ్గర తడబడిన నిఘంటువు యాప్

పిల్లల సైన్సు పుస్తకాలు తెలుగు చేయడం నా పని. ఎనిమిది నెలలుగా ఈ ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు యాప్ వాడుతున్నాను. నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది, ఉచ్చారణ స్పష్టంగా వినిపిస్తుంది, వెతికిన మాటలు పోకుండా దాచిపెడుతుంది. అయినా మూడు స్టార్లే ఇస్తున్నాను. కారణం ఒక్క ఇంగ్లిష్ క్రియ: థియరైజ్ (theorize).

యాప్ దానికిచ్చే అర్థం ఒకటే, 'సిద్ధాంతీకరించు'. ఉదాహరణ వాక్యం లేదు. ఒక పాఠంలో, 1930లో భౌతిక శాస్త్రవేత్త పౌలీ న్యూట్రినో అనే అతి చిన్న కణం ఉందని థియరైజ్ చేశాడని వచ్చింది. బీటా క్షయంలో, అంటే పరమాణు కేంద్రకం ఎలక్ట్రాన్‌ని బయటికి వదిలి మారిపోయేటప్పుడు, కొంత శక్తి లెక్కకు దొరకడం లేదు. కంటపడని కణమేదో దాన్ని పట్టుకుపోతోందని ఆయన అనుకున్నాడు. ప్రయోగంలో అది దొరికింది 1956లో. యాప్‌ని నమ్మి 'సిద్ధాంతీకరించాడు' అని రాశాను. చిత్తుప్రతి చదివిన మా అక్క కూతురు, "పిన్నీ, ముందే తేల్చేశాడు కదా, మరి 26 ఏళ్లు ఏం వెతికారు?" అంది.

పిల్ల పట్టుకున్నదే అసలు లోపం. సిద్ధాంతం అంటే మన చెవికి తేలిపోయిన మాట. థియరైజ్‌లో మాట ఇంకా తేలలేదు. కారణం చూపించి, ఇలా అయి ఉండాలి అనడం వరకే. 'ఉండి ఉంటుందని ప్రతిపాదించాడు' అని మార్చాక వాక్యం కుదుటపడింది.

దొంగ కిటికీలోంచి వచ్చాడని పోలీసులు థియరైజ్ చేస్తే, అది 'అనుకుంటున్నారు', 'భావిస్తున్నారు'. సమాజశాస్త్రంలో అధికారాన్ని థియరైజ్ చేశారంటే మాత్రం 'సిద్ధాంతీకరించు' చక్కగా అతుకుతుంది. హైపాథసైజ్ అంటే పరీక్షకు నిలబెట్టడానికి వేసుకున్న ఊహ. స్పెక్యులేట్‌లో ఆధారం ఇంకా పలచన. ఈ మూడింటి తేడా యాప్‌లో ఎక్కడా లేదు.

థియరీకి మూలమైన గ్రీకు మాట థియోరియాకు అర్థం చూడటం. మన 'దర్శనం' కూడా చూపులోంచే తత్వంలోకి వచ్చింది! పైన చెప్పిన తేడా ఒక్క వరుసలో ఇచ్చి ఉంటే నేను ఆ తప్పు రాసేదాన్నే కాదు.

ఇంకొకటి, బ్రిటిష్ పుస్తకాల్లో జెడ్ బదులు ఎస్‌తో ఉండే స్పెల్లింగు కొడితే 'పదం లేదు' అంటోంది. రెండూ సరైనవే. తయారుచేసినవాళ్లకు నాలుగు ఉదాహరణ వాక్యాలు రాసి పంపాను. అవి చేర్చిన రోజున నాలుగో స్టార్ ఇస్తాను.