శబరిమలకి సీఎల్ పెట్టాలా, ఈఎల్ పెట్టాలా?

కార్తీకం వచ్చిందంటే మా టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర నల్లబట్టల క్యూ మొదలవుతుంది. అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, మాల వేశాను. కొండకి వెళ్లిరావడానికి సీఎల్ పెట్టనా, ఈఎల్ పెట్టనా?" సీఎల్ అంటే క్యాజువల్ లీవ్, అప్పటికప్పుడు పెట్టుకునేది. ఈఎల్ అంటే ఎర్న్‌డ్ లీవ్, పనిచేసి సంపాదించుకున్నది. పటాన్‌చెరు వైపు ఓ ఫ్యాక్టరీలో 14 ఏళ్లుగా హాజరు లెక్కలు చూస్తున్నాను. కిటికీ దగ్గర చెప్పే జవాబే ఇక్కడా రాస్తున్నా.

"దేవుడి పని సార్, ఎవరు కాదంటారు?" అంటారు చాలామంది. ఎవరైనా అనొచ్చు. మన కార్మిక చట్టాల్లో మతం పేరుతో విడిగా సెలవు లేదు. రాజ్యాంగంలో మత స్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణం ఉంది కదా అంటారు. ఉంది, కానీ ప్రైవేటు యజమాని ముందు దాన్ని చూపించి సెలవు రాబట్టలేం. శబరిమల అయినా, రంజాన్ అయినా, గుడ్ ఫ్రైడే అయినా, మేడారం జాతర అయినా, కంపెనీ పండగ సెలవుల జాబితాలో లేకపోతే అందరూ అదే సెలవుల ఖాతాలోంచి తీసుకోవాల్సిందే. అందుకే ఎన్ని రోజులు మిగిలాయన్నది నాకు రెండో ప్రశ్న. మొదటిది, ఆ సెలవు కాదనే హక్కు యజమానికి ఎంతవరకు ఉంది అన్నది.

సీఎల్ సుఖం సీఎల్‌దే. పొద్దున ఫోన్ చేసి చెప్పినా నడుస్తుంది. షాపులు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఏడాదికి 12 రోజులు ఇస్తుంది. ఫ్యాక్టరీల పాత చట్టంలో మాత్రం సీఎల్ అన్న మాటే లేదు. మాకు దొరికేది కంపెనీ ఒప్పందంలో రాసుకున్నదే. అదీ చాలాచోట్ల వరసగా రెండు మూడు రోజులకి మించి ఇవ్వరు. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెంగన్నూరులో దిగేది మర్నాడు. రానూపోనూ, పంబ నుంచి నడక, దర్శనం కలిపితే నాలుగైదు రోజులు. సీఎల్‌తో అంత దూరం వెళ్లడం అంటే సూపర్‌వైజర్ మూడ్ మీద ఆధారపడి ఇరుముడి కట్టుకోవడమే.

నా ఓటు ఈఎల్‌కే. 20 రోజులు పనిచేస్తే ఒక రోజు చొప్పున అది మన కష్టార్జితం. అంతకుముందు ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలని పాత ఫ్యాక్టరీల చట్టం అనేది. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ (వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్) దాన్ని 180కి తగ్గించింది. కొత్తగా చేరినవాళ్లకి ఇది పెద్ద ఊరట. మధ్యలో పడే ఆదివారాలు, పండగ సెలవులు ఈఎల్ లెక్కలోకి రావు. ఐదు రోజుల యాత్రలో ఒక ఆదివారం ఉంటే తగ్గేది నాలుగే. దాన్ని కూడా కలిపి ఐదు కోసే ఆఫీసులున్నాయి, పే స్లిప్ చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది కాగితం. పాత చట్టం 79వ సెక్షన్ ప్రకారం 15 రోజుల ముందు రాసిస్తే, ముందే ఒప్పుకున్న సెలవుల పథకం కింద తప్ప ఆ దరఖాస్తును తిరస్కరించకూడదు. మా దగ్గర ఇప్పటికీ ఆ 15 రోజుల లెక్కే నడుస్తోంది. కాదంటే, ఆ రోజులు ఎంత మేరకైనా వచ్చే ఏడాదికి జమ అవుతాయి, మామూలు 30 రోజుల పరిమితి వాటికి లేదు. ఈ నియమం కొత్త కోడ్‌లోనూ ఉంది. అయితే మీరు అడిగారని, వాళ్లు కాదన్నారని రుజువు ఉండాలి కదా!

మూడేళ్ల కిందట ప్రెస్ షాపు (యంత్రాలతో లోహాన్ని నొక్కే విభాగం) కుర్రాడు ఒకడు షిఫ్ట్ ఇన్‌చార్జికి నోటితో చెప్పాడు. "అలాగే స్వామీ, వెళ్లిరా" అన్నాడు ఆయన. ఈలోగా ఇన్‌చార్జి మారాడు. కుర్రాడు తిరిగొచ్చేసరికి హాజరు పట్టీలో వరసగా ఐదు 'ఏ'లు, అంటే ఆబ్సెంట్‌లు. అటెండెన్స్ బోనస్ పోయింది, పైగా మెమో. ఆ 'ఏ'లు పెట్టింది నేనే. నా టేబుల్ మీద అరవణ ప్రసాదం డబ్బా పెట్టి, "సార్, నేను చెప్పే వెళ్లాను" అన్నాడు. చెప్పాడని నాకూ తెలుసు. కాగితం లేదు.

అందుకే రైలు టికెట్ తీసిన రోజే దరఖాస్తు ఇచ్చెయ్యమంటాను. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, కాబట్టి టైమ్ బోలెడు. దర్శనానికి ఆన్‌లైన్‌లో తీసుకునే వర్చువల్ క్యూ పాస్ మీద దర్శనం తేదీ ఉంటుంది, దొరకగానే దాని జిరాక్స్ జత చేయండి. రెండో కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోండి.

జీతం లేని సెలవు గురించి పెద్దగా చెప్పను. ఖాతాలో ఏమీ లేనప్పుడు అదే దిక్కు. ఆ రోజులు 180 లెక్కలోకి కూడా రావు, వచ్చే ఏడాది ఈఎల్‌కి అక్కడ మళ్లీ దెబ్బ.

రంజాన్ పండక్కి మాత్రం నా సలహా తిరగబడుతుంది. నెలవంక కనిపిస్తే తప్ప తేదీ తెలియదు, అక్కడ సీఎలే మేలు. ఉపవాసాల నెలకి అసలు సెలవే సరైన మందు కాదు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఉద్యోగులైన ముస్లింలు ఆ నెలంతా గంట ముందు వెళ్లొచ్చని ఉత్తర్వులు ఇస్తున్నారు. ప్రైవేటులో అలాంటిది లేదు. మా దగ్గర షిఫ్ట్ మార్పిడి చేసుకుంటారు: ఆ నెల ముస్లిం సోదరులు పొద్దుటి షిఫ్ట్‌కి వస్తారు, రెండింటికల్లా ఇంటికి. మాల వేసినవాళ్లకి సాయంత్రం పూజ ఉంటుంది కాబట్టి, ఆ 41 రోజులు ముస్లిం సోదరులు స్వాములకి పొద్దుటి షిఫ్ట్ వదిలేస్తారు. ఏ చట్టమూ చెప్పని ఈ ఏర్పాటుకి ఇంతవరకు ఒక్క గొడవ రాలేదు.

ఇక బూట్ల సంగతి. దీక్షలో చెప్పులు వేసుకోరు, ప్రెస్ షాపులో సేఫ్టీ షూ లేకుండా అడుగు పెట్టనివ్వరు. 41 రోజులకి సరిపడా సెలవు ఎవరి దగ్గరా ఉండదు. మా వాళ్లు గురుస్వామిని అడిగి, గేటు దాకా ఉత్త కాళ్లతో వచ్చి లోపల షూ వేసుకుంటున్నారు. సాయంత్రం మళ్లీ అక్కడే విప్పి, కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని బస్సెక్కుతారు.