సుమత్రా కోళ్లు: మిశ్రమ మందలో ఏళ్లుగా పెంచుతున్న అనుభవం

సుమత్రా కోళ్ల గురించి అందరూ అడిగేది ఒక్కటే: ‘పందెం జాతి కదా, మిగతా కోళ్లను బతకనిస్తాయా?’ ఆర్పింగ్టన్, రోడ్ ఐలాండ్ రెడ్, పోలిష్ కోళ్లతో కలిపి వీటిని ఏళ్లుగా పెంచుతున్నాను. బతకనిస్తాయి. కాకపోతే వాటికి ఎక్కి కూర్చోవడానికి ఎత్తు, తప్పుకోవడానికి చోటు ఉండాలి. ఇరుకు దొడ్లో పెట్టి కొట్టుకుంటున్నాయంటే ఆ తప్పు కోడిది కాదు.

ఇండోనేషియాలోని సుమత్రా దీవి వీటి పుట్టిల్లు. 1847లో అమెరికా చేరాయి. మొదట్లో పందేలకే వాడారు. 1883లో అక్కడి కోళ్ల జాతుల ప్రమాణాల గ్రంథంలో నల్ల రంగు రకానికి చోటు దక్కాక అందానికి పెంచడం పెరిగింది. ఆ అందం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎండ పడితే నల్ల ఈక మీద ఆకుపచ్చ మెరుపు, నేరేడు రంగు ముఖం, నేలబారుగా సాగే పొడవాటి తోక. పుంజుకు ఒక్కో కాలికి రెండు మూడు ముళ్లు వస్తాయి కాబట్టి చేత్తో పట్టుకునేటప్పుడు జాగ్రత్త.

మందలో వీటి నడవడికను దాణా వేళ గమనించాలి. ఆర్పింగ్టన్ తొట్టి ముందు కదలకుండా నిలబడి తింటుంది. సుమత్రా పెట్ట మాత్రం మెడ చాచి, ఒక కాలు ఎత్తి పక్కనే ఆగుతుంది. సందు దొరగ్గానే దూరి నాలుగు గింజలు ఏరుకుని బయటపడుతుంది. ఎవరైనా పొడవబోతే ఎదురు తిరగదు, ఎగిరి పక్కకు తప్పుకుంటుంది. దీన్ని చాలామంది పిరికితనం అనుకుంటారు. నాకైతే అది జాగ్రత్తే అనిపిస్తుంది. మూల మీదకు తరిమితే అదే పెట్ట కాళ్లతో ఎగిరి తంతుంది. తనకంటే బరువైన కోళ్లు కూడా వెనక్కి తగ్గుతాయి. అందుకే తొట్లు రెండు మూడు చోట్ల పెట్టాలి. పోలిష్ కోళ్లకు తల మీది ఈకల వల్ల పక్కనుంచి వచ్చేది కనబడదు, సుమత్రాలు ఒక్కసారిగా కదిలితే బెదిరిపోతాయి. వాటికి వేరే మూలలో మేత వేయడం మంచిది.

పుంజుల సంగతి వేరు. కలిసి పెరిగిన అన్నదమ్ములు చోటు బాగా ఉంటే సర్దుకుపోతాయి. ఒకటి రెక్క దించి పక్కవాటుగా అడుగులు వేస్తుంది, రెండోది తల తిప్పుకుంటే అక్కడితో సరి. కానీ జబ్బు చేసిందని ఒకదాన్ని కొన్నాళ్లు వేరుగా ఉంచి తిరిగి వదిలితే కొత్త పుంజు వచ్చినట్టే మీద పడతాయి. వేరు చేయాల్సి వస్తే రెండూ ఒకదానికొకటి కనబడేలా వల అడ్డం పెట్టి ఉంచాలి. జత కట్టే కాలంలో ఇది ఇంకా ముఖ్యం.

మందకు ఇవి చేసే మేలు కాపలా. గద్ద నీడ పడితే సన్నగా, సాగదీసి ఒక కూత వేస్తాయి. మిగతావన్నీ పొదల కిందికి పోతాయి. కుక్క వస్తే కూత మారుతుంది, ఆగకుండా కొక్కొక్ మంటూ ఎగిరి కొమ్మెక్కుతాయి. రాత్రి కూడా చెట్టు మీదే పడుకుంటామంటాయి, అదే టెన్షన్. పిల్లలుగా ఉన్నప్పటి నుంచే చీకటి పడకముందు గూట్లో మేత వేసి అలవాటు చేయాలి. గూట్లో కోళ్లు ఎక్కి కూర్చునే దండెం ఎత్తుగా, గోడకు దూరంగా ఉండాలి, లేకపోతే పుంజు తోక ఈకలు విరిగిపోతాయి.

గుడ్ల కోసమైతే వీటిని తీసుకోవద్దు. తెల్లగానో లేత రంగులోనో పెడతాయి కానీ తక్కువ. పొదగడంలో మాత్రం నా మందలో వీటికి సాటి లేదు. 21 రోజులూ గూడు వదలడం అరుదు, వేరే కోళ్ల గుడ్లు పెట్టినా పొదుగుతాయి. పిల్లలు దిగాక తల్లి దగ్గరికి ఏ కోడి వచ్చినా ఊరుకోదు. కొన్నాళ్లు విడిగా ఉంచితే అందరికీ క్షేమం.

ఒళ్లో కూర్చునే కోడి కావాలనుకుంటే ఇది మీకు సరిపడదు. ఎదిగినవాటిని తెచ్చి మచ్చిక చేయడం చాలా కష్టం. పిల్లలుగా తెచ్చి చేత్తో మేపితే మాత్రం దగ్గరికొస్తాయి. నా దగ్గర అలా పెరిగిన ఒక పెట్ట నేను దాణా డబ్బా మూత తీస్తే అందరికంటే ముందు వచ్చేస్తుంది, ముట్టుకోబోతే మాత్రం ఇప్పటికీ అడుగు వెనక్కి వేస్తుంది.