బోర్డు మీద అనలిటిక్స్, బోధన బీఐ

బెంగళూరు మారతహళ్లిలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. కొనేవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలే. వచ్చే ఆదివారానికి ఎన్ని కిలోల చికెన్ తేవాలన్నది నా నిత్య సమస్య. అందుకే ఇక్కడి ఒక శిక్షణ సంస్థలో ‘బిజినెస్ అనలిటిక్స్’ కోర్సులో చేరాను. ఎనిమిది శనివారాలు, 16 వేల రూపాయలు.

మొదటి రోజే సారు బోర్డు మీద నాలుగు మెట్లు గీశారు: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం జరగబోతుంది, మరి ఏం చేయాలి. కింది రెండూ బిజినెస్ ఇంటెలిజెన్స్ (బీఐ) పని, పై రెండూ అనలిటిక్స్ పని అని ఆయనే చెప్పారు. నాలుగింటినీ అనలిటిక్స్ అనేవాళ్లూ ఉన్నారట, ఆ పేచీ మనకెందుకు. తీరా చూస్తే ఏడు వారాలు కింది మెట్ల మీదే కూర్చున్నాం.

కూర్చున్నంతసేపూ బాగానే నేర్పారు. నా బిల్లుల ఫైలును పవర్ బీఐ అనే రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే ఏప్రిల్ 3 అమ్మకాలు మార్చి 4 కింద పడ్డాయి. 13వ తేదీ నుంచి అన్నీ ఎర్రర్లే. రోజు ముందా, నెల ముందా అన్న తికమక అది. సారు అందులో డేటాను సరిచేసే పవర్ క్వెరీకి వెళ్లి లొకేల్‌ను, అంటే తేదీలను ఏ దేశం పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగును, ఇండియాకు మార్చగానే తేదీలన్నీ కుదురుకున్నాయి. మంగళవారం చికెన్ తగ్గుతుందని నాకు తెలుసు గానీ, కోడిగుడ్డు పులుసు కూడా సగానికి పడిపోతోందని ఆ రోజే చూశాను.

ఇక ముందుచూపు సంగతి. ఆఖరి శనివారం లైన్ చార్టులో ఫోర్‌కాస్ట్ నొక్కి చూపించారు. పాత అమ్మకాల తీరునే ముందుకు సాగదీస్తుంది, అంతే. ఉగాదికి పీజీలు ఖాళీ అవుతాయి. ఆ ఉగాది 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న. చార్టుకు పంచాంగం తెలియదు కదా! పండుగలనూ వాననూ వేరే గడుల్లో ఇచ్చి రిగ్రెషన్‌తో, అంటే ఏది అమ్మకాలను ఎంత మారుస్తుందో తేల్చే పద్ధతితో, లెక్క కట్టాలి. నేను చేరింది దానికోసమే, దానికి దక్కింది ముప్పావు గంట. అడిగితే అది ‘అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌’లో ఉంటుందని, ఇంకో 20 వేలు అవుతుందని చెప్పారు.

రిపోర్టులు తయారుచేసే ఉద్యోగం వెతుక్కునేవారు నిశ్చింతగా చేరవచ్చు. నాలాంటివారు మాత్రం రిగ్రెషన్‌కు ఎన్ని గంటలో అడిగాకే డబ్బు కట్టండి. నేను ఆ ఇరవై వేలు కట్టలేదు. కౌంటర్ పుస్తకంలో ‘వాన’, ‘పండుగ’ అని రెండు గడులు గీసి పెట్టాను. మా ఆవిడ రోజూ రాత్రి కొట్టు కట్టేసేముందు నింపుతోంది.