పల్లేరు కాయలకు ట్యూబ్‌లెస్ జవాబేనా? 40 మి.మీ. గ్రావెల్ టైర్ల రివ్యూ

విజయవాడలో గ్రావెల్ సైకిల్‌కి, అంటే మట్టి, కంకర దారుల కోసం చేసిన సైకిల్‌కి, ట్యూబ్‌లెస్ వేయించుకోవాలా వద్దా అన్నది పల్లేరు కాయే తేల్చేస్తుంది. వానలు వెనకబట్టి గట్ల మీద గడ్డి ఎండాక, పోలవరం కుడి కాలువ గట్టు మీదో, పల్నాడు వైపు సాగర్ కాలువ గట్ల మీదో ట్యూబు టైర్లతో వెళ్తే పొద్దున్న ఒకటి, తిరుగు దారిలో ఇంకొకటి పంక్చర్లు మామూలే. పల్లేరు ముల్లు పొట్టిది, అది చేసే చిల్లు సన్నం. ట్యూబ్‌లెస్ టైరు లోపల పోసే, చిల్లు దగ్గర గడ్డకట్టి దాన్ని మూసేసే ద్రవమే సీలెంట్. దానికి అది నల్లేరు మీద బండి నడక. సర్కారు తుమ్మ ముల్లు అలా కాదు, పొడుగ్గా ఉండి టైరులోకి పూర్తిగా దిగుతుంది. దాన్ని చూడగానే పీకేయకండి. గాలి పోనంతసేపు అలాగే ఉంచి ఇంటికి వచ్చేయొచ్చు. పీకక తప్పకపోతే చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి అర నిమిషం ఆగాలి, సీలెంట్ అక్కడికి చేరి గడ్డకడుతుంది.

ఇక్కడ రివ్యూ చేస్తున్నది 700x40 (40 మి.మీ. వెడల్పు) టైరు, స్పోకు రంధ్రాలు మూసే రిమ్ టేపు, వాల్వు, లేటెక్స్ సీలెంట్ నాలుగూ కలిసిన సెటప్పుని. వీటిలో ఏ ఒక్కటి నాసిరకమైనా మిగతా మూడింటి డబ్బులు దండగ.

ముందు రిమ్ సంగతి. 'ట్యూబ్‌లెస్ రెడీ' అని రాసి లేని రిమ్‌కి ఈ ప్రయోగం వద్దు. టైరు అంచు పట్టుకోవడానికి లోపల గట్టు ఉండదు కాబట్టి తక్కువ గాలితో మలుపు తిరిగితే టైరు రిమ్ వదిలేస్తుంది. తక్కువ ధర గ్రావెల్ సైకిళ్లలో కొన్నింటికి మామూలు రిమ్ములే వస్తాయి, కొనే ముందే అడగండి. హుక్‌లెస్ (టైరుని పట్టే కొక్కెం అంచున లేని) రిమ్ అయితే 5 బార్, అంటే సుమారు 72 పి.ఎస్.ఐ. దాటకూడదు. గ్రావెల్‌లో అంత గాలి ఎలాగూ పెట్టం. కానీ పక్కనున్న పంక్చర్ షాపతను లారీ టైరు అలవాటులో కొట్టేస్తాడు, గేజి మీద కన్నేసి ఉంచాలి.

ట్రెడ్ (నేలను తాకే పై భాగం) విషయంలో మన దారులకు మధ్యలో దగ్గర దగ్గరగా, అంచుల్లో కొంచెం ఎత్తుగా గుబ్బలున్న టైరు చాలు. పనారేసర్ గ్రావెల్‌కింగ్ ఎస్‌కె లాంటివి ఈ రకం. పెద్ద పెద్ద గుబ్బల బురద టైర్లు ఇబ్రహీంపట్నం దాకా తారు మీదే వెళ్లాల్సిన వాళ్లకు శబ్దం, శ్రమ తప్ప ఏమీ ఇవ్వవు.

బిగించడంలో నూటికి తొంభై తప్పులు టేపు దగ్గరే జరుగుతాయి. రిమ్ లోపలి వెడల్పు 21 మి.మీ. అయితే 23 నుంచి 25 మి.మీ. టేపు తీసుకోండి. రిమ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టేపుని బాగా సాగదీస్తూ రెండు చుట్లు వేసి, వాల్వు రంధ్రం దాటాక ఇంకో జానెడు పోనివ్వాలి. రంధ్రాన్ని బ్లేడుతో కోస్తే అక్కడి నుంచి చీలిక పాకుతుంది. పాత స్పోకుని కాల్చి గుచ్చితే అంచు కరిగి గుండ్రంగా నిలుస్తుంది. వాల్వు నట్టు చేత్తో బిగించినంతే, కటింగ్ ప్లయర్ తీశారంటే వాల్వు అడుగున రబ్బరు నలిగిపోతుంది.

తర్వాత సీలెంట్ పోయకుండానే ఒకసారి గాలి కొట్టి చూడాలి. అంచులకు సబ్బు నీళ్లు రాసి, వాల్వు కోర్ (వాల్వు లోపల మరతో బిగిసి ఉండే చిన్న భాగం) తీసేసి కొడితే గాలి ఒక్కసారిగా లోపలికి వెళ్లి టైరు 'టప్, టప్' మంటూ కూర్చుంటుంది. రిమ్ పక్కన టైరు మీద కనిపించే సన్నటి గీత చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో చూడండి. ఒకచోట లోపలికి దిగి ఉంటే అక్కడ ఇంకా కూర్చోలేదన్న మాట. చేతి పంపుతో కుదరకపోతే పంక్చర్ షాపు కంప్రెసర్ వాడొచ్చు. కానీ సైకిల్ వాల్వు సన్నం, వాళ్ల నాజిల్ మోటారు బండిది. కోర్ తిరిగి పెట్టి దాని మీద బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్ ఎప్పుడూ జేబులో ఉండాలి, ఖర్చు పెద్దగా ఉండదు. కూర్చున్నాక గాలి తీసి, సిరంజితో 60 నుంచి 80 మి.లీ. సీలెంట్ పోసి, కోర్ బిగించి మళ్లీ గాలి పెట్టండి. చక్రాన్ని ఊపి, తిప్పి, ఒక్కో పక్కకు పది నిమిషాలు బకెట్ మీద పడుకోబెట్టండి. మొదటి రోజు పక్క గోడల నుంచి చెమటలా కాస్త కారితే భయం లేదు. స్పోకుల మొదట్లో సబ్బు నురగ లేచిందంటే మాత్రం టేపు పోయినట్టే, మొదటి నుంచి చేసుకోవాలి.

గాలి ఎంత? 70 కిలోల మనిషికి వెనక 32 నుంచి 35, ముందు 29 నుంచి 32 పి.ఎస్.ఐ. మధ్య మొదలుపెట్టి సర్దుకోండి. తెల్లవారుజామున 28 డిగ్రీల్లో 32 పెడితే, ఎండలో టైరు 50 డిగ్రీలకు చేరేసరికి మూడు, మూడున్నర పెరుగుతుంది. వేసవిలో ఆ మేరకు తగ్గించి బయల్దేరితే సరి.

ఈ సెటప్పుకి మనం ఇచ్చే మార్కులు పడిపోయేది ఆ వేసవిలోనే. సీలెంట్‌లో నీరు ఇగిరిపోతేనే అది రబ్బరవుతుంది, బెజవాడ ఎండకి ఆ పని చాలా తొందరగా అవుతుంది. డబ్బా మీద మూడు నుంచి ఆరు నెలలు అని రాసి ఉన్నా, ఏప్రిల్, మే నెలల్లో బాల్కనీలో ఎండ తగిలే చోట నిలబెట్టిన సైకిల్‌కి ఆరు వారాలకే తెరిచి చూడాలి. చక్రం చెవి దగ్గర పెట్టుకుని ఊపినప్పుడు గలగల వినిపించకపోతే 30 మి.లీ. అదనంగా పోయండి. ఏడాదికి నాలుగైదు సార్లు ఈ ఖర్చు తప్పదు, షాపుల వాళ్లు ముందు ఈ మాట చెప్పరు. ఇంకో చిన్న జాగ్రత్త: గాలి కొట్టేటప్పుడు వాల్వు సరిగ్గా కింద ఉంటే సీలెంట్ అందులోకి చేరి మూసుకుపోతుంది. గడియారంలో నాలుగు గంటల చోటుకి తిప్పుకుని కొట్టండి.

గండికోట వెళ్లే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసిన ఆ లోయ అంచున ఉన్నది క్వార్ట్‌జైట్, పగిలినచోట అంచు కత్తిలా ఉంటుంది. జమ్మలమడుగు నుంచి కోట దాకా తారు రోడ్డే, ఏ టైరైనా పోతుంది. తారు దిగి రాళ్ల మీదికెళ్తే తెగేది ట్రెడ్ కాదు, పక్క గోడ. అంత పెద్ద కోతని సీలెంట్ ఆపలేదు. చాలా టైర్లు తేలిక గోడతో ఒకటి, బలమైన గోడతో ఒకటి వస్తాయి. ఆ దారి కోసం 50 నుంచి 100 గ్రాములు ఎక్కువైనా బలమైనదే కొనండి, వీలైతే 43 లేదా 45 మి.మీ. తీసుకోండి.

నల్లమలలో టైరు కన్నా ముందు చూడాల్సింది అనుమతి. అది టైగర్ రిజర్వు. దోర్నాల-శ్రీశైలం రోడ్డుని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, లోపలి మట్టి దారుల్లోకి అటవీ శాఖ ఒప్పుకోకుండా వెళ్లకూడదు. కొండపల్లి రిజర్వు ఫారెస్టుకీ అడిగి వెళ్లడమే మంచిది.

నల్లరేగడికి మాత్రం ట్యూబ్‌లెస్ మందు కాదు. వాన పడ్డ మర్నాడు పల్నాడు డొంకల్లోకి దిగితే మట్టి టైరుకి అట్టలుగా అతుక్కుని ఫోర్కు దగ్గర చక్రమే ఆగిపోతుంది. టైరుకీ ఫ్రేముకీ మధ్య కనీసం 6 మి.మీ. ఖాళీ లేని సైకిళ్లు రెండు రోజులు ఆగాల్సిందే.

వెంట ఉండాల్సినవి: 1.5, 3.5 మి.మీ. సైకిల్ ప్లగ్గులు (చిల్లులో దూర్చే సన్నటి పట్టీలు), ఒక ట్యూబు, టైరు ఊడదీసే లీవర్లు, పంపు, పాత టైరు ముక్క. మోటార్ సైకిల్ టైర్లకు దూర్చే లావు రబ్బరు తాడు వద్దు, దాన్ని తోసే సూదే చిల్లుని ఇంకా పెద్దది చేస్తుంది. గాలి బదులు వాడే చిన్న సీవో2 (కార్బన్ డయాక్సైడ్) డబ్బాల చల్లదనానికి కొన్ని లేటెక్స్ సీలెంట్లు గడ్డకడతాయి, చేతి పంపే నయం. పక్క గోడ తెగితే లోపల టైరు ముక్క పెట్టి ట్యూబు వేసుకోవచ్చు. అయితే ట్యూబు వేసే ముందు టైరు లోపలంతా గుడ్డతో నెమ్మదిగా తడమండి, ఉత్త వేళ్లతో కాదు. ఇన్నాళ్లూ సీలెంట్ దాచిపెట్టిన పల్లేరు ముళ్లు అక్కడ పదుల్లో ఉంటాయి. వాటిని ప్లయర్‌తో ఒక్కొక్కటే లాగేయకుండా ట్యూబు దూర్చారంటే అది వంద గజాలు కూడా పోదు.

ఉండవల్లి కరకట్ట మీదా బందరు రోడ్డు మీదా తిరిగేవాళ్లు ఈ ఖర్చు పెట్టుకోనక్కర్లేదు. గట్టి ట్రెడ్ ఉన్న 38 మి.మీ. టైరు, రెండు ట్యూబులు చాలు.