‘ఇష్టమే మేడమ్’ అన్న మాటను నమ్మే ముందు చదవాల్సిన పుస్తకం

పదమూడేళ్లుగా పల్లెల్లో సర్వేలు చేస్తున్నాను, ఎక్కువగా పాలమూరు వైపు. బడి పిల్లల్ని కూర్చోబెట్టుకుని ప్రశ్నలడగడం నా పని. అలాంటిది ఈ పుస్తకం నా చేతికి ఇంత ఆలస్యంగా రావడం బాధగానే ఉంది. పేరు ‘ద ఎథిక్స్ ఆఫ్ రీసెర్చ్ విత్ చిల్డ్రన్ అండ్ యంగ్ పీపుల్’. రాసింది ప్రిసిల్లా ఆల్డర్సన్, వర్జీనియా మారో. సేజ్ వాళ్లు 2011లో వేశారు. నేను కొన్నది 2020 నాటి రెండో ఎడిషన్.

ఎందుకు కొన్నానో చెప్పాలి. ఒక హైస్కూల్లో హెడ్‌మాస్టరు గారు ఏడో తరగతి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, "నేను చెప్పిన గదా మేడమ్, అందరు చెప్తరు, మీరు కానియ్యండి" అన్నారు. మూడో వరసలో ఒకమ్మాయి చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ గుమ్మం వైపే చూస్తోంది. "నీకు ఇష్టమేనా అమ్మా?" అన్నాను. "ఇష్టమే మేడమ్" అంది. ఫారంలో టిక్కు పెట్టేశాను. ఇంట్లో గొడవల గురించిన ప్రశ్నలు వచ్చేసరికి ఏడ్చేసింది. వెంటనే ఆపేశాను. కానీ ఆ టిక్కు అలాగే ఉండిపోయింది. తల్లి సంతకం ఉంది, పిల్ల మాట ఉంది, రూలు ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. నాకు మాత్రం చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

పుస్తకం పరిశోధన మొదలుపెట్టే ముందు నుంచి రిపోర్టు బయటికి వచ్చేదాకా ఒక్కో దశలో మనల్ని మనం ఏం అడుగుకోవాలో చెబుతుంది. ఈ సర్వే వల్ల ఎవరికి మేలు, ఎవర్ని వదిలేస్తున్నాం, పేర్లు ఎలా దాస్తాం, పిల్లలకు డబ్బులివ్వొచ్చా... ఇవన్నీ ఉన్నాయి. నాకు పనికొచ్చినవి ముఖ్యంగా రెండు అధ్యాయాలు: పిల్లలకు సమాచారం చెప్పడం, సమ్మతి తీసుకోవడం.

ఆల్డర్సన్ లండన్‌లో సోషియాలజిస్టు. ఈ ప్రశ్నల్ని ఆవిడ ఆసుపత్రి వార్డుల్లో ఎదుర్కొన్నారు. గుండె ఆపరేషన్ల కోసం వచ్చిన పిల్లల తల్లిదండ్రుల సమ్మతిపై చేసిన పని 1990లో పుస్తకంగా వచ్చింది. 1993లో వచ్చిన పుస్తకం కోసం ఎముకలు, కీళ్ల ఆపరేషన్లు చేయించుకుంటున్న 8 నుంచి 15 ఏళ్ల పిల్లలు 120 మందితో మాట్లాడారు. పిల్లలకు తమ చికిత్స ఎంత అర్థమవుతుందన్నది వయసు మీద కన్నా వాళ్లు పడ్డ అనుభవం మీద ఎక్కువగా ఆధారపడుతుందని ఆ పనిలో తేలింది. ఇది చదివి, పన్నెండేళ్ల పిల్లకు ఏం తెలుస్తుందిలే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కేసుకున్నాను.

మనకు గట్టిగా తగిలేది ‘ఆసెంట్’ మీద, అంటే పెద్దవాళ్ల సమ్మతికి తోడుగా పిల్లల నుంచి తీసుకునే ఒప్పుకోలు మీద, వాళ్ల అభ్యంతరం. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు కన్సెంట్, అంటే సమ్మతి, ఇస్తారు, 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు నోటిమాటగా, ఆపైన 18 లోపువాళ్లు రాతలో ఆసెంట్ ఇస్తారు. వద్దని గట్టిగా అనకపోవడాన్ని కూడా ఆసెంట్ కింద లెక్కేసుకునే ప్రమాదం ఉందంటారు ఈ రచయితలు. నా టిక్కు సరిగ్గా అదే. మా ఫారంలో ఒకదానికి ‘సమ్మతి’ అని, ఇంకోదానికి ‘అంగీకారం’ అని వేశారు. పిల్లలకే కాదు, మా టీమ్‌కి కూడా రెండూ ఒకటే.

లోటు కూడా ఉంది. ఉదాహరణలు ఎక్కువగా బ్రిటన్‌వి. మన ఊళ్లో సర్వే అంటే "పేరు రాస్తే పథకం వస్తదా అక్కా?" అని అడుగుతారు. ఆ ఆశతో వచ్చే ‘సరే’ గురించి ఇంకా రాసి ఉండాల్సింది. పైగా మారోకు మన ప్రాంతంతో సంబంధం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సుమారు 3,000 మంది పిల్లల్ని 2002 నుంచి అనుసరిస్తున్న ‘యంగ్ లైవ్స్’ అధ్యయనంలో ఆవిడ పనిచేశారు.

ఆ లోటు నాకు కొంత తీర్చింది ఆల్డర్సన్ 2013లో రాసిన ‘చైల్డ్‌హుడ్స్ రియల్ అండ్ ఇమాజిన్డ్’. కష్టమైన పుస్తకం, రెండు నెలలు పట్టింది. భారతీయ తండ్రికి పుట్టిన బ్రిటిష్ తత్వవేత్త రాయ్ భాస్కర్ చెప్పిన ‘క్రిటికల్ రియలిజం’ అనే తత్వ సిద్ధాంతమే దానికి ఆధారం. మనం చూసి రాసుకునేది ఒక పొర, నిజంగా జరిగేది ఇంకో పొర, దాన్ని జరిపించే శక్తులు ఇంకా లోపలి పొర అంటాడాయన. "ఇష్టమే మేడమ్" నాకు వినపడింది. ఆ పిల్ల భయం ఆ గదిలోనే ఉంది, నేను రాసుకోలేదు. ఆ భయానికి అడుగున సారు మాట, బడి మర్యాద, నా మెడలో ఐడీ కార్డు ఉన్నాయి.

పిల్లలతో పనిచేసేవాళ్లు ముందు ఆల్డర్సన్, మారో కలిసి రాసిన పుస్తకం కొనండి, రెండో ఎడిషనే కొనండి. సమ్మతి అధ్యాయంతో మొదలుపెట్టినా ఫర్వాలేదు. మా కొత్త ఇన్వెస్టిగేటర్ల ట్రైనింగులో ఇప్పుడు ఒకర్ని హెడ్‌మాస్టరుగా తలుపు దగ్గర నిలబెట్టి, మిగతావాళ్లని పిల్లల్లా కింద కూర్చోబెడుతున్నాను. నేను ఫారం చదివాక వాళ్లు "నాకు ఇష్టం లేదు" అనాలి, అంతే. మొన్న పదకొండు మందిలో ఇద్దరే అనగలిగారు.