మొక్క పుట్టిన చోటికి వెళ్లి కొనడం: కోడూరు, అనంతరాజుపేట, రేకులకుంట నర్సరీలపై ఒక సమీక్ష

కడపకు దక్షిణాన, పాలకొండల దిగువన ఎర్ర గరుసు నేలలో ఉన్న మా తోటకు కావలసిన పండ్ల మొక్కలను చాలా ఏళ్లుగా నేను నర్సరీలకు స్వయంగా వెళ్లి తెచ్చుకుంటున్నాను. ఇంటి ముందుకు బండి మీద వచ్చే మొక్కలు ఉండగా అంత దూరం పోవడం అవసరమా అని అడిగేవారు చాలామంది ఉన్నారు కనుక, నా అనుభవంలో తేలిన సంగతులను ఇక్కడ రాస్తున్నాను. పండ్ల చెట్ల విషయంలో పోవడం అవసరమనే నా నిశ్చితాభిప్రాయం. అయితే మొక్కను చూడడానికే అంత దూరం పోనక్కరలేదు. దాని తల్లిచెట్టును, దానికి వాడిన వేరుమూలాన్ని, అంటే అంటు కట్టడానికి కింద వేరుగా వాడిన మొక్కను, అది పెరిగిన మట్టిని చూడడానికి పోవాలి. ఈ మూడింటినీ చూపించని నర్సరీ ఎంత పచ్చగా ఉన్నా, అక్కడి నుంచి ఖాళీ చేతులతో తిరిగి రావడమే మంచిది.

కడప నుంచి తిరుపతి వైపు పోయే దారిలో నందలూరు, రాజంపేట దాటాక, శేషాచలం కొండల పక్కన రైల్వే కోడూరు వస్తుంది. మామిడి, బొప్పాయి, అరటి, నిమ్మ తోటలకు పేరుపడిన ఆ ప్రాంతంలో పల్లెల్లోకి పోయేకొద్దీ నర్సరీలు కనిపిస్తాయి. రోడ్డు పక్కన బోర్డు పెట్టుకున్నవాటిలో కొన్ని వేరేచోట పెంచిన మొక్కలను తెచ్చి అమ్మేవి. లోపలి పల్లెల్లో సొంత నారుమడి, సొంత తల్లిచెట్లు ఉన్నవి వేరు. ఈ తేడా తెలియాలంటే నారుమడి చూపమని అడిగితే చాలు. ఉన్నవాళ్లు వెంటనే లేచి దారి చూపిస్తారు.

చీనీ, అంటే బత్తాయి అంట్ల విషయంలోనే ఈ ప్రయాణానికి అసలు విలువ ఉంది. చీనీలో మనకు కనబడే చెట్టు ఒకటి, నేలలో ఉండే వేరు ఇంకొకటి. సాత్‌గుడి రకం చీనీ కంటిని, అంటే కొమ్మ మీది మొగ్గను, జంబేరి అనే నిమ్మజాతి మొక్క మీదో, రంగపూర్ నిమ్మ మీదో కడతారు. నీటి ఎద్దడికి, ఎండు వేరుకుళ్లుకు, ట్రిస్టెజా వైరస్‌కు రంగపూర్ నిమ్మ వేరు బాగా తట్టుకుంటుంది కనుక, వానలు తక్కువగా పడే కడప, అనంతపురం నేలలకు అదే తగినది. అంటు కట్టిన మొక్కను పైనుంచి చూసి దాని వేరు ఏదో చెప్పడం కొనేవాడికి సాధ్యం కాదు. అందుకే నేను మొట్టమొదట “ఏ వేరు మీద కట్టినావన్నా?” అని అడుగుతాను. “రంగపూర్ మీదే సార్” అన్న జవాబు అందరూ ఇస్తారు. అంటు కట్టకముందు దశలో ఉన్న నారును, గింజ తీసిన చెట్టును కూడా చూపించగలవాడి మాటనే నేను నమ్ముతాను.

నారుమడిలో చూడవలసింది మరొకటి ఉంది. రంగపూర్ నిమ్మ గింజ ఒక్కదాని నుంచే ఒకటికి మించి మొలకలు వస్తాయి. వాటిలో తల్లి కణజాలం నుంచి పుట్టినవి అచ్చంగా తల్లిని పోలి, ఒకే తీరుగా పెరుగుతాయి. పరాగ సంపర్కం వల్ల పుట్టినవి మాత్రం ఎత్తులోనూ ఆకులోనూ వేరుగా కనిపిస్తాయి. మంచి నర్సరీవాడు ఇలా తేడాగా ఉన్న మొక్కలను, గిడసబారినవాటిని మడిలోనే ఏరి పారేస్తాడు. ఏరిన మడిలో మొక్కలన్నీ ఒకే ఎత్తులో నిలబడి ఉంటాయి. ఏరని మడి నుంచి వచ్చిన అంట్లతో నాటిన తోటలో కొన్ని చెట్లు ఏపుగా, కొన్ని పొట్టిగా ఉండిపోవడాన్ని మా చుట్టుపక్కల తోటల్లోనే చూశాను. ఎరువు చాలలేదని రైతు అనుకుంటాడు గానీ, ఆ లోపం ఎరువుతో తీరేది కాదు.

అంటు నేల నుంచి ఇంచుమించు జానెడు ఎత్తున, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య కట్టి ఉండాలి. అంతకన్నా కిందికి కట్టిన మొక్కను నాటితే, పాదు చేసేటప్పుడు మట్టి ఎగదోసి కట్టు పూడిపోతుంది. తడి మట్టి తగిలిన చీనీ కాండానికి బంక తెగులు పట్టడం చాలా సులభం. కింద కడితే పని తొందరగా అవుతుందని అలా కట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ నేను కొనను.

మామిడిలో చూడవలసింది ఇంకొకటి, రకం. ఒక నర్సరీలో ఇమాంపసంద్ అని చీటీ కట్టి ఇచ్చిన అంట్లు, కాపుకు వచ్చాక, వేరే రకమని తేలాయి. ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచిన చెట్టును కొట్టివేయడమా, కొమ్మలు నరికి మళ్లీ అంటు కట్టడమా అన్న బాధ కొన్నవాడికే మిగులుతుంది. నర్సరీవాడికి అప్పటికి అది గుర్తు కూడా ఉండదు. కనుక మామిడి నర్సరీకి మొదటిసారి మే నెలలో, ఏమీ కొనకుండా, తల్లిచెట్టు మీద కాయ ఉండగా చూసి రావడానికే పోవాలి. కాయను చూసి, రుచి చూసి, ఆ చెట్టు కొమ్మతోనే కట్టిన అంట్లు కావాలని చెప్పి, వానలు పడ్డాక పోయి తెచ్చుకోవాలి. ఎండాకాలంలో పోతే నర్సరీకి నీటి వసతి ఎంత ఉందో, తల్లిచెట్ల ఆరోగ్యం ఎలా ఉందో కూడా తెలిసిపోతుంది. వానాకాలంలో ఏ నర్సరీ అయినా బాగానే కనిపిస్తుంది.

మట్టి సంగతి చాలామంది పట్టించుకోరు. గోదావరి పక్కన రాజమండ్రి దగ్గరి కడియం నర్సరీల పనితనం గొప్పది, పూలమొక్కలకు వాటిని మించినవి లేవు. కానీ గోదావరి ఒండ్రుమట్టి ముద్దతో వచ్చిన పెద్ద మొక్కను మన గరుసు నేలలో పెడితే, ఆ బిగువైన ముద్దకూ చుట్టూ ఉన్న గుల్ల మట్టికీ మధ్య నీరు సమంగా పారదు. పాదు తడిసినట్టే ఉంటుంది, ముద్ద లోపల ఎండిపోతుంది. స్థానికంగా ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన సంచుల్లో పెంచిన మొక్కకు ఈ ఇబ్బంది లేదు. సంచిలో ఎక్కువ కాలం ఉండిపోయిన మొక్కలను మాత్రం ఎక్కడా కొనకూడదు. తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుని, నాటిన తరువాత కూడా అలాగే తిరుగుతూ, లోతుకు దిగదు. అటువంటి చెట్టు పెద్దదయ్యాక గాలికి ఒరిగిపోతుంది. ఒక్క సంచి కోసి చూపించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు, ఆ మొక్క ధర ఇస్తే సరిపోతుంది.

ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధనా స్థానాలు కోడూరు పక్కన అనంతరాజుపేటలోనూ, అనంతపురం దగ్గర రేకులకుంటలోనూ ఉన్నాయి. రకం విషయంలో వీటిని మించిన నమ్మకం నాకు ఇంకెక్కడా కలగలేదు. అనంతపురం స్థానం నుంచి వచ్చిన ఎర్రగుజ్జు చింత ‘అనంత రుధిర’ వంటివి అక్కడ తల్లిచెట్టుతో సహా చూడవచ్చు. మొక్కల సంఖ్య పరిమితం, అడిగిన రోజే దొరకకపోవచ్చు, సెలవు రోజుల్లో పోతే పని కాదు. ఈ ఇబ్బందులన్నీ భరించదగినవే. ప్రైవేటు నర్సరీలకు వస్తే, 2010 నాటి ఉద్యాన నర్సరీల చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి కనుక, నమోదు పత్రం చూసి, రకం పేరు, వేరుమూలం పేరు రాయించిన బిల్లు తీసుకోవాలి.

తెచ్చుకోవడంలో జరిగే నష్టాన్ని నర్సరీ మీద వేయడం న్యాయం కాదు. పైకప్పు లేని బండిలో, మధ్యాహ్నపు వడగాలిలో తెచ్చిన అంట్ల ఆకులు ఇల్లు చేరేలోపే మాడిపోతాయి. సాయంత్రం బయలుదేరి, షేడ్‌నెట్ కప్పి తెచ్చి, వారం పది రోజులు చెట్టు నీడలో ఉంచి, ఆ తరువాత నాటితే మొక్క నిలుస్తుంది. నాటాక మొదటి ఏడాది అంటు కట్టుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లివేయాలి. వదిలేస్తే వేరుమూలమే చెట్టయి, పైన కట్టిన చీనీ చచ్చిపోతుంది.

అన్ని మొక్కలకూ ఈ ప్రయాణం అవసరం లేదు. అనంతపురం వైపు విరివిగా వేస్తున్న భగువా దానిమ్మ టిష్యూకల్చర్ మొక్కలు ప్రయోగశాలలో తయారవుతాయి కనుక నర్సరీలో తల్లిచెట్టు అంటూ చూడడానికి ఏమీ ఉండదు. మనం కొనబోయే మొక్కలను తయారుచేసిన సంస్థ నుంచే తెచ్చి రెండు మూడేళ్ల కిందట నాటిన రైతు తోటకు పోయి, బ్యాక్టీరియా మచ్చ తెగులు ఎంతవరకు ఉందో చూడడం ఎక్కువ ఉపయోగం. బొప్పాయి నారుకు కోడూరు పోవచ్చు గానీ, చూడవలసింది ఒక్కటే: పేనుబంక లోపలికి రాకుండా నారు మీద సన్నకన్ను వల చిరుగు లేకుండా ఉందా అన్నది. రింగ్‌స్పాట్ వైరస్‌ను మోసుకొచ్చేది ఆ పురుగే. వల లేని చోట ఎంత తక్కువ ధరకు ఇచ్చినా నేను నారు తీసుకోను.